పేర్చిన ఆట

మా పాత స్కూల్ స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పోయిన వారం ఒకరోజు పొద్దున్నే ఒక ఫోటో వచ్చింది. దాని కింద మెసేజ్. "తన వేళ్ళ మెరుపు వేగంతో వీడియో గేముల ప్రపంచాన్నే అబ్బురపరిచిన మన కంప్యూటర్ సార్ ఇక లేరు" అని మొదటి వాక్యం. గుండెపోటట. యాభై కూడా నిండలేదు. ఫోటోలో మెడకు స్కూల్ టై, ముఖాన ఎప్పుడూ ఉండే ఆ మొహమాటపు నవ్వు. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూస్తున్నాను. చూస్తుండగానే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. దుఃఖం ముందొచ్చిందా, కోపం ముందొచ్చిందా అని ఎవరైనా అడిగితే, కోపమే ముందొచ్చిందని చెబుతాను.

వేళ్ళ మెరుపు వేగమట! ఆ మనిషి బూటు లేసు కట్టుకోవడం ఈ మెసేజ్ రాసినవాళ్ళు ఒక్కసారైనా చూశారా? ఆయన లేసు ముడి వేసేలోపు మా స్కూల్ బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయేవాడు. "వస్తున్న, వస్తున్న" అంటూ తన నడకలోనే వచ్చేవాడు తప్ప ఒక్క అడుగు తొందరగా వేసేవాడు కాదు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో అందరం డబ్బాలు కడుక్కుని వచ్చి కూర్చున్నా ఆయన ఇంకా పచ్చిపులుసు అన్నంతోనే ఉండేవాడు. మేడ్చల్ హైవే దాటాలంటే అటూ ఇటూ ఒక్క బండి కూడా కనపడకూడదు. ఆ రోడ్డు మీద అది జరిగే పనేనా? లారీ వాళ్ళే జాలిపడి ఆపేవాళ్ళు. పిల్లలు ఆయనకు 'స్లో మోషన్ సార్' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఎవరైనా వెనక నుంచి అలా పిలిస్తే తిరిగి చూసి నవ్వేవాడు. ఆ తిరగడం కూడా నెమ్మదిగానే.

మా స్కూలు మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్యలో ఉండేది, చుట్టూ ప్లాట్ల రాళ్ళు, అక్కడక్కడా కొత్త అపార్టుమెంట్లు. నేను తెలుగు చెప్పేదాన్ని. మాది గుడివాడ వైపు, మా ఆయన ఉద్యోగం కోసం వచ్చి మేడ్చల్ కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పిల్లలకి నేను 'ఆంధ్రా మేడం'ని. ఆయన శామీర్‌పేట మనిషి. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించేవాడు. వారం రోజులు కంప్యూటర్లు చెప్పేవాడు. ఆ ల్యాబులో కంప్యూటర్లు కూడా ఆయనలాగే నెమ్మదిగా లేచేవి, ఆయనకూ వాటికీ బాగా సరిపోయిందని మేం నవ్వుకునేవాళ్ళం.

నేను ఆయన పని మొదటిసారి చూసింది పరీక్ష పేపరు టైపు చేయించుకోవడానికి ల్యాబుకి వెళ్ళినప్పుడు. ఇంకా అసెంబ్లీ గంట కొట్టలేదు. ఆయన చేతి గడియారం తీసి జేబులో వేసుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద పాతకాలపు టీవీ గేమ్, పసుపు చొక్కా వేసుకున్న చిన్న బొమ్మ ఒకటి కోట గోడ పక్కన గాల్లో ఉంది. దూకింది గానీ కింద పడడం లేదు. నేను నిలబడ్డాను, ఆయన నన్ను చూడలేదు, బొమ్మా కదల్లేదు.

"ఏంటి సార్, కంప్యూటర్ పాడైందా?" అన్నాను.

"లే మేడం. మంచిగనే ఉన్నది. ఏం జెయ్యాల్నో నేనే ఆలోచిస్తున్న."

ఆ తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. చెప్పడానికి చాలాసేపే పట్టింది. "చిన్నప్పుడు క్యాసెట్ పెట్టి టీవీల ఆడుతుండె గద మేడం, గదే ఆట. గిప్పుడు గా పెట్టె లేదు, గా క్యాసెట్ లేదు. ఈ సాఫ్ట్‌వేర్ గా పెట్టె తీరుగ పనిజేస్తది. గని దీంట్ల ఆటను ఎక్కడంటే అక్కడ ఆపొచ్చు. ఒక్క సెకనంటె అరవై ముక్కలు. ఒక్కో ముక్క కాడ ఆగి, గీడ ఏ బటన్ ఒత్తాలె అని పెట్టుకుంట పోత. తప్పయితే వాపస్ వచ్చి మళ్ళ పెడత. అన్ని అయినంక ఒక్కసారి వదిలితె అదే ఉరుకుతది. మనిషి చేత్తోటి గట్ల ఆడుడు అయ్యే పని కాదు."

"అంటే మీరు ఆడరా?"

"నేను ఆడను మేడం. పేరుస్త."

బతుకమ్మను పేరుస్తారంటారు ఇక్కడ, పువ్వు మీద పువ్వు పెట్టి. ఆ మాట వాడాడు. నేను తెలుగు టీచర్ని కాబట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయాను, ఆట సంగతి పట్టించుకోలేదు. నిజానికి లోపల నవ్వుకున్నాను కూడా. ఇంత వయసొచ్చిన మనిషి పిల్లలకంటే ముందొచ్చి బొమ్మను దూకిస్తున్నాడేమిటా అని.

దసరా సెలవుల ముందు రోజు చదువులేమీ ఉండవు. పిల్లలు బతిమాలితే ఆయన అప్పటిదాకా పేర్చినదంతా వదిలి చూపించాడు. నేను ఆ క్లాసు పిల్లల్ని అదుపు చేయడానికని వెళ్ళాను. ఇక చూడండి. ఆ పసుపు చొక్కా బొమ్మ కోటలోకి దూకిన క్షణం నుంచి ఆగలేదు. బాణాలు వస్తుంటే వాటి మధ్య సందులోంచి పోయింది. మొసలి నోరు తెరిస్తే దాని పన్ను మీద కాలు పెట్టి పైకెగిరింది. గోడ దగ్గరకొచ్చి గోడను గుద్దుకుంటుందనుకుంటే గోడలోంచే అవతలికి వెళ్ళిపోయింది. పిల్లలు "ఓ..." అన్నారు, నేనూ అన్నాను. ఒకచోట బొమ్మ కావాలనే మంటల్లో దూకి చచ్చింది. పిల్లలు నవ్వారు. ఆయన "నవ్వకుండ్రి, సచ్చి లేస్తె తలుపు కాడ లేస్తది, నడుసుకుంట పోవుడు తప్పుతది" అని వివరించాడు. తలుపు తెరుచుకునేదాకా ఆగక తప్పని చోట బొమ్మ ఊరికే నిలబడకుండా పాటకు తాళం వేసినట్టు ఎగిరింది. నాకు ఆటలంటే ఏమీ తెలియదు. అయినా అరచేతులు చెమటలు పట్టాయి. ఒక మనిషి అంత చిన్న సందులోంచి అంత నమ్మకంగా పోవడం నేను ఎక్కడా చూడలేదు. అయిపోయాక పిల్లలు చప్పట్లు కొడుతుంటే ఆయన రెండు చేతులూ ఊపి వద్దన్నాడు.

"నేను ఆడలే. యాదిపెట్టుకోండ్రి. పేర్చిన."

ఇది ఆయన ఊతపదం అయింది. అలా పేర్చేవాళ్ళు ప్రపంచంలో ఇంకా ఉన్నారట, ఒకరికొకరు పంపుకుంటారట, తప్పులు పట్టుకుంటారట. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఇది చేత్తో ఆడింది కాదని ముందే చెప్పాలి. చెప్పకుండా చూపిస్తే అది దొంగతనం కిందే లెక్క. ఎందుకంటే అదే ఆటను నిజంగా చేత్తో వేగంగా ఆడేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళ చెమట వేరు, వీళ్ళ చెమట వేరు. ఆయన ఆట మొదట్లో పెట్టడానికి ఒక తెలుగు వాక్యం రాసుకుని నా దగ్గరకు తెచ్చాడు. 'ఇది చేత్తో ఆడిన ఆట కాదు. ఆపి ఆపి, ముక్క ముక్క పేర్చినది.' నేను ఎర్ర పెన్ను తీసి ఒక 'ఆపి' కొట్టేయబోయాను.

"అది ఉండనియ్యండ్రి మేడం" అన్నాడు.

"రెండు ఎందుకు సార్, ఒకటి చాలు కదా."

"ఒక్కసారి ఆపితె ఒక్క ఆపి. నేను మస్తు ఆపిన."

సరేనని రెండూ ఉంచాను. నా జీవితంలో ఎర్ర పెన్ను మూత పెట్టి వెనక్కి పెట్టేసింది తక్కువసార్లే.

ఆయన భార్య నర్సు. ఒకసారి డ్యూటీ నుంచి వస్తూ ఆయన్ని తీసుకుపోవడానికి స్కూలుకు వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉండే మనిషి. ఆయన ల్యాబు తాళం వేసే లోపు నాతో కబుర్లు పెట్టుకుంది. "గా పసుపు సొక్కావోడు మా ఇంట్ల ఇంకో మనిషి మేడం. వానికి గూడ పళ్ళెం పెట్టాల్నేమో" అని నవ్వింది. మీరూ చూస్తారా అని అడిగితే, "నాకు గా ఆటలు ఏం తెల్వయి. నాకేడ సమజైతది" అని చేయి తిప్పేసింది. నేనూ నమ్మాను.

ఇంకో రోజు గుర్తుంది. మా అమ్మ పోయి నెల కాలేదు. కబురు తెలిసి నేను బయల్దేరిన బస్సు సూర్యాపేట దగ్గర చెడిపోయి, నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. స్టాఫ్ రూములో ఇద్దరమే ఉన్నాం, ఆయన ఎప్పటిలాగే అన్నం తింటున్నాడు. "మీ ఆటలోలాగా వెనక్కి పోయే వీలుంటే బావుండేది సార్. ఇంకో బస్సెక్కేదాన్ని" అన్నాను. ఆయన ముద్ద కింద పెట్టేశాడు. ఆయనతో మాట్లాడితే జవాబు ఆలస్యంగా రావడానికి అలవాటు పడాలి, లేకపోతే మనిషి వినలేదనుకుంటాం.

"వాపస్ పోతె బొమ్మకేం యాదుండదు మేడం" అన్నాడు చివరికి. "గోడ కాడ ఎన్నిసార్లు సచ్చిందో దానికి తెల్వదు. చూసెటోళ్ళకు గూడ తెల్వదు. నాకే ఎరుక. వాపస్ పోయిన గని, సచ్చుడు చూసిన గద. అది పోదు."

ఓదార్పు మాట కాదది. కానీ అమ్మ పోయాక విన్నవాటిలో నాకు నిలబడింది అదొక్కటే. అందరూ 'ఆవిడ అదృష్టవంతురాలు, మంచాన పడలేదు' అన్నారు. ఈయన మాత్రం, చూసింది పోదు అన్నాడు. ఆ రోజు బాగా ఏడ్చాను. ఆయన అన్నం డబ్బా మూత పెట్టుకుని, నేను లేచేదాకా తనూ లేవలేదు, గంట కొట్టినా సరే.

ఇక యాన్యువల్ డే సంగతి. మా కరస్పాండెంట్ సార్, అంటే స్కూలు యజమాని, హుషారు మనిషి. ఒకచోట నిలబడడు, ఒక మాట పూర్తిగా వినడు. ల్యాబులో పిల్లల అరుపులు ఆయన చెవిన పడ్డాయి. కొత్త అడ్మిషన్ల కాలం. పేరెంట్స్‌కు ఏదైనా కొత్తది చూపించాలన్నాడు. కంప్యూటర్ సార్ సరేనన్నాడు గానీ, ముందు ఆ తెలుగు వాక్యం తెర మీద పడాలి, మైకులో కూడా చెప్పాలి అని షరతు పెట్టాడు. "సరె సరె, గట్లనే పెడదాం" అన్నాడు కరస్పాండెంట్ సార్. ఆయన 'సరె సరె' రెండుసార్లు అన్నాడంటే వినలేదని అర్థం. ఆ సంగతి స్టాఫ్ అందరికీ తెలుసు, కంప్యూటర్ సార్‌కి తప్ప.

ఆ సాయంత్రం గ్రౌండు నిండా కుర్చీలు, షామియానా, పెద్ద తెర. మైకు నా చేతిలో ఉంది, కార్యక్రమం నేనే నడుపుతున్నాను. కంప్యూటర్ సార్ పేరు పిలవగానే కరస్పాండెంట్ సార్ నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మన సార్ ఇప్పుడు మీ ముందర లైవ్ ఆడ్తడు! ప్రపంచంల ఎవ్వరు గింత జల్దీ ఆడలే! వేళ్ళు చూడుండ్రి, వేళ్ళు!"

అని టీవీ గేమ్ రిమోట్ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. దాని వైరు దేనికీ తగిలించి లేదు, కొసన ఊగుతోంది. ఎవరైనా ఏదైనా చేతిలో పెడితే తీసుకోవడం ఆయన అలవాటు, తీసుకున్నాడు. తెర మీద వాక్యం పడలేదు. తిన్నగా ఆట మొదలైంది. బొమ్మ ఉరికింది. జనం ఈలలు వేశారు, ముందు వరసలో ఫోన్లు పైకి లేచాయి. ఆయన ఆ రిమోట్ పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కనే నిలబడ్డ నాకు ఆయన బొటనవేళ్ళు కనపడుతున్నాయి. అవి కదల్లేదు. తల వంచి ఆ ఊగే వైరును చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపును నేను ఇప్పటికీ మోస్తున్నాను.

ఆ తర్వాత లేచాడు. రిమోట్‌ని కుర్చీలో పెట్టాడు, పడిపోకుండా సరిచేసి మరీ పెట్టాడు. తెరకు పక్కగా జరిగి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, జనానికి ఎదురుగా నిలబడ్డాడు. తెర మీద బొమ్మ తన మానాన తను గోడలు దూకుతూనే ఉంది. ఈలలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో పిల్లాడు గట్టిగా అరిచాడు, "సార్ ఆడ్తలేడు!" అని. కుర్చీల్లో నవ్వులు మొదలయ్యాయి. ఆయన స్టాండు మీదున్న మైకు దగ్గరకు నడిచాడు. తన నడకే, తొందరపడలేదు.

"అందరికి వందనాలు. నేను ఆడ్తలేను. ఇది చేత్తోటి ఆడింది కాదు. ఆపి ఆపి..."

అక్కడ మైకు కట్ అయింది. వెనక నుంచి కరస్పాండెంట్ సార్ సైగ చేశాడు. ఒక తండ్రి లేచి, "గట్లయితే గిదేం గొప్ప? మెషీనే చేసింది గద!" అన్నాడు. ఈయన మైకు లేకుండానే జవాబు చెప్పబోయాడు. పెదాలు కదలడం కనిపించింది గానీ మాట వినపడలేదు. ఈలోపు ఎవరో డ్యాన్స్ పాట పెట్టేశారు. చిన్నపిల్లలు నెమలి బట్టలతో స్టేజీ ఎక్కారు.

స్టేజీ వెనక కరస్పాండెంట్ సార్ మామూలుగా తిట్టలేదు. "జరసేపు రిమోట్ పట్టుకుంటె నీ సొమ్మేం పోతుండె? అందరి ముందర నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. కంప్యూటర్ సార్ తల ఎత్తలేదు. "గది పట్టుకుంటె నేను పేర్చింది లేనట్టే గద సార్" అన్నాడు అంతే. మరుసటి జూన్‌లో స్కూలు తెరిచినప్పుడు ల్యాబులో వేరే సార్ ఉన్నాడు. మేమంతా రెండు రోజులు గుసగుసలాడి ఊరుకున్నాం.

నష్టం ఉద్యోగంతో ఆగలేదు. ఆ సాయంత్రం ఎవరో తీసిన వీడియో కాలనీల గ్రూపులన్నిట్లో తిరిగింది. అల్వాల్ నుంచి మా ఆడపడుచు కూడా నాకే పంపించింది, మీ స్కూలేనటగా అని. అందులో ఆయన రిమోట్ పట్టుకుని కూర్చున్న భాగమే ఉంది. లేచి నిలబడింది లేదు. 'మేడ్చల్ మెరుపు వేళ్ళు' అని పైన పేరు. చూసినవాళ్ళు ఆహా ఓహో అన్నారు. ఆయన ఆ వీడియో ఎక్కడ కనపడితే అక్కడ కింద రాసేవాడట, ఇది చేత్తో ఆడింది కాదని. చదివినవాళ్ళు వెంటనే తిట్లకు దిగేవాళ్ళట.

అప్పటికి ఆయన శామీర్‌పేట బస్టాపు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి కుదిరాడు, జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే పని. నేను కీసర వెళ్ళి వస్తూ ఒకసారి అక్కడ దిగాను. కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. స్కూలు గురించి ఒక్క మాట అడగలేదు. కాసేపటికి ఫోన్ తీసి ఆ తిట్లు చూపించాడు.

"చూడుండ్రి మేడం. చేత్తోటి ఆడిండు అనుకుంటె గొప్పోడంటరు. ఆడలే అని నిజం చెప్తె దొంగంటరు. నడిమిట్ల ఇంకోటి లేదా?"

ఆ తిట్లు చివరిదాకా చదివి ఫోన్ తిరిగి ఇచ్చాను. "నాకు అర్థమైంది సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. నన్ను నొప్పించకుండా ఉండటానికి ఇంకొంచెం ఎక్కువే నవ్వాడు. "మీకు నేను చెప్తె సమజైంది. అట్ల కాదు మేడం. చూసి, దాని ఎనక ఎంత ఆగిండో అని తెలుసుకునెటోళ్ళు ఒక్కలుంటె సాలు. ఒక్కలు."

మనిషికి ఇంత చిన్న కోరిక ఉంటుందా అనిపించింది. అంత చిన్నది కూడా తీరడం లేదే అనిపించింది. బస్సొస్తే లేచాను. ఆయన బస్సు దాకా వచ్చి, నేను ఎక్కి కూర్చున్నాక కూడా, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. అదే చివరిసారి అవుతుందని నాకేం తెలుసు.

నిన్న ఆదివారం శామీర్‌పేటలో వాళ్ళ చర్చిలో ఆయన జ్ఞాపకంగా ఆదరణ కూడిక పెట్టారు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. కీబోర్డు మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది, పాటలు తబలాతోనే పాడారు. ముందు వరసలో ఆయన భార్య, తెల్లచీరలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఊహించని మనిషి ఒకాయన కూడా ముందు వరసలోనే ఉన్నాడు, మా కరస్పాండెంట్ సార్. పెద్ద పూలదండ తెచ్చాడు. పాస్టరు గారు రెండు మాటలు మాట్లాడమంటే లేచాడు. "మా స్కూల్‌కు గర్వకారణం. ఆ వేళ్ళల్ల మెరుపుండె. గంత జల్దీ ఆడెటోడు ఈ జిల్లాల లేడు, రాష్ట్రంల లేడు" అన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు కూడా. అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలియదనే అనుకుంటాను. ఆ రోజు ఏం జరిగిందో ఆయన తనకు కావలసినట్టు గుర్తుపెట్టుకున్నాడు.

గాయకబృందం కుర్రాళ్ళు పాటల కోసం పెట్టుకున్న తెర మీద ఆట వేశారు. ఆయన ల్యాప్‌టాప్‌లోంచే తీశారట, అందుకని మొత్తం ఉంది. కానీ త్వరగా అవ్వాలని మొదటి వాక్యం దాటేసి వేశారు. బొమ్మ ఉరికింది. జనం తలలెత్తి చూశారు. వెనక ఎవరో "అబ్బ, ఏం స్పీడు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చాక కూడా ఈ మనిషిని వదలరా? లేచి మాట్లాడాలనుకున్నాను. కాళ్ళ కింద చెప్పులు వెతుక్కుంటున్నాను, చర్చిలో చెప్పులు బయటే వదిలానన్న ధ్యాస కూడా లేదు.

నాకంటే ముందు ఆయన భార్య లేచింది.

"బిడ్డా, జర ఆపు" అంది కుర్రాడితో.

కుర్రాడు ఆపాడు. తెర మీద తాళ్ళ వంతెన, దాని మధ్యలో బొమ్మ. ఆమె తెర దగ్గరకు వెళ్ళింది. మైకు తీసుకోలేదు. చూపుడు వేలితో ఆ వంతెనను ముట్టుకుంది.

"గీ వంతెన కాడ ఉన్నప్పుడు మా అత్తమ్మ మంచాన వడ్డది. ఆమె కాళ్ళ కాడ కంప్యూటర్ వెట్టుకొని కూసుండె. జరసేపు వంతెన, జరసేపు అమ్మ కాళ్ళు పిసుకుడు. వానకాలమంత గీ వంతెన మీదనే ఉన్నడు. వంతెన దాటలే, అత్తమ్మ పోయింది. నలబై దినాలు ముట్టలే. మళ్ళ కూసున్నడు."

ఆమె కుర్రాడివైపు చూసింది. వాడు కొంచెం ముందుకు జరిపి మళ్ళీ ఆపాడు. తెర మీద బావి.

"ఇది బావి. నాకు కొవిడ్ వార్డుల డ్యూటీ. ఇంటికొస్తె నేను ముందరి అర్రల, ఆయన ఎనక అర్రల. తలుపు సందులకెళ్ళి కనవడుతుండె. బొమ్మ దిగుతాంది, సస్తాంది, మళ్ళ దిగుతాంది. ఇప్పుడెట్లున్నది అని నేను నా అర్రల నుంచే అడిగేది. ఇంకా దిగలే అనెటోడు. ఒకరోజు దిగింది అని కేకేసిండు. నేను ముందరి అర్రల ఏడ్సిన."

ఇన్నేళ్ళూ నాకు గా ఆటలు ఏం తెల్వయి అన్న మనిషి ఆమె. తెరను ఇంకా అలాగే ముట్టుకుని, కరస్పాండెంట్ సార్‌ను చూసింది. కోపంగా చూడలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి ఏదైనా నెమ్మదిగా చెప్పాలనుకున్నప్పుడు చూసినట్టు చూసింది.

"జల్దీ ఆడిండు అని అనకుండ్రి సార్. మా ఆయన ఆడలే. ఆపి ఆపి పేర్చిండు. నాకు ఆట తెల్వది, గని ఎక్కడెక్కడ ఆగిండో తెలుసు. నేను చూసిన. పక్కనే ఉన్న."